రెండు గీతల పలకలు

ఆ ఉదయం ఆకాశానికి ఒక రంగంటూ లేదు. సముద్రం మీదంతా మసక పరుచుకుని ఉంది. వానమబ్బు కాదది, జూన్‌లో ఎండ ముదిరే ముందు పట్టే పలచని పొర. సూర్యుడు దాని వెనక అంచులు లేకుండా తెల్లగా కనిపించాడు. గాలి బొత్తిగా లేదు. కాశిమేడు రేవులో పడవల మీది జెండాలు కర్రలకు అతుక్కుని ఉన్నాయి.

నేను చేరేసరికే కార్తీక వచ్చి ఉంది. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని, పక్కన ప్లాస్టిక్ బుట్ట పెట్టుకుని, జాలరి ఆంటో తన పడవ కట్టే చెక్కల మీద గొంతు కూర్చుని నీళ్లలోకి చూస్తోంది. ఆరు నెలల క్రితం మేమిద్దరం అక్కడే ఒక చెక్క చట్రాన్ని తాడు కట్టి దించాం. చట్రానికి ముప్పై ఆరు అల్యూమినియం పలకలు బిగించాం. ఒక్కొక్కటి అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది. మూడుసార్లు పోసిన లోహం అది. మొదటిసారి పోసినవాటి అంచున ఆకురాయితో ఒక గీత, రెండోసారివాటికి రెండు, మూడోసారివాటికి మూడు. రంగుతో రాస్తే ఉప్పునీళ్లు తినేస్తాయని ఆ గీతలు నేనే గీశాను. లోహం పోసింది కూడా నేనే.

ఆ అమ్మాయి రెండేళ్ల చదువు ఆ తాడుకు వేలాడుతోంది. చిన్న పడవల వెనక మోటారును పట్టి ఉంచే బ్రాకెట్లను అంబత్తూరులో మావంటి చిన్న ఫౌండ్రీలు పోస్తాయి. తుక్కు అల్యూమినియం కరిగించి పోసినవి కాబట్టి రెండేళ్లలో వాటికి ఉప్పు పట్టి గుంటలు పడతాయి. ఒకనాడు నడిసముద్రంలో విరుగుతాయి. ఆంటో బావమరిది మోటారు అలాగే మునిగింది; మనిషి డబ్బా పట్టుకుని తేలాడు. ఉప్పుకు నిలబడే లోహం, పెద్ద యంత్రాలు లేని ఫౌండ్రీ కూడా పోసుకోగల లోహం తయారు చేయాలని కార్తీక పరిశోధన. అల్యూమినియంలో మెగ్నీషియం ఎన్ని పాళ్లు, మాంగనీసు ఎన్ని పాళ్లు అన్నది లెక్క కట్టుకుంది. మూడుసార్లూ అవే పాళ్లు. మూడూ సముద్రంలో ఒకేలా నిలిస్తే ఆమె మాట నిలుస్తుంది. ఒకటి తేడా వస్తే, ఆ పాళ్లను నమ్మి పడవకు బ్రాకెట్టు చేయమని ఎవరికీ చెప్పడానికి వీలుండదు.

ఆంటో తాడు లాగాడు. చట్రం నిండా నాచు, గుల్లలు. కార్తీక ఒక గీత పలక తీసి చెక్కపుల్లతో గీకి, బ్రష్షుతో కడిగింది. బూడిదరంగుగా, నున్నగా బయటపడింది. మూడు గీతలది తీసింది. అదీ అంతే. ఆమె మొహం కాస్త విప్పారింది. తర్వాత రెండు గీతలది తీసింది. దాని మీద సున్నంలాంటి తెల్లటి పొక్కు. గీకితే పొక్కు ఊడి కింద గుంటలు కనిపించాయి. గుండుసూది తల పట్టేంత గుంటలు. ఇంకొకటి తీసింది, ఇంకొకటి తీసింది. పన్నెండు పలకలూ అలాగే ఉన్నాయి.

ఆంటో వంగి చూసి, బీడీ పక్కకు తీసి, అరవంలో అన్నాడు: "ఇది మా బ్రాకెట్టే గదమ్మా. దీనికి ఇంత చదువెందుకు?"

కార్తీక నవ్వలేదు, కోపగించుకోలేదు. పలకలను వరసగా పేర్చి ఫొటోలు తీసుకుంది. తీసేటప్పుడు ఫోను రెండు చేతులతో పట్టుకుంది. బుట్టలో సర్దాక ఒక రెండు గీతల పలకను నా చేతిలో పెట్టింది. నీ కంటికి ఏమన్నా తెలుస్తుందేమో చూడు పెదనాయనా అంది. దాన్ని చొక్కా జేబులో వేసుకున్నాను. బస్సులో అంబత్తూరు దాకా అది రొమ్ముకు తగులుతూనే ఉంది.

కార్తీక మా ఫౌండ్రీకి వచ్చి అప్పటికి ఏడాది దాటింది. తొండియార్‌పేట పిల్ల. తాతముత్తాతల నుంచి వాళ్లది ఆ ఊరే. మొదటి రోజు అరవంలోనే మాట్లాడింది. కరిగిన లోహం మీది చిట్టెం తీస్తూ నేనేదో తెలుగులో గొణుక్కుంటే విని, మీరు మనోళ్లా అని అడిగింది. ఊత్తుకోట పక్కన పల్లె అని చెప్పాను. ఆ తర్వాత నేను పెదనాయనను అయ్యాను. మా ఓనరు యతిరాజులు నాయుడు ఆమెకు మూలనున్న చిన్న ఫర్నేసు ఇచ్చాడు. లోహం కరిగించే మూస, ఆరు కిలోలది, అందులో పట్టేది. కాలేజీవాళ్లు వచ్చే ఫౌండ్రీ అని చెప్పుకోవచ్చని ఆయన ఆశ.

ఆమె పని చూడటం నాకు ఇష్టంగా ఉండేది. ప్రతి లోహపు దిమ్మనూ గుడ్డతో తుడిచి తూచేది. తూచింది మళ్లీ తూచేది. కరిగిన లోహానికి ఇనుము తగలకూడదని చెప్పి, నా గరిటెకు, కలియబెట్టే కడ్డీకి సుద్ద పూయించేది. సుద్ద ఎక్కడ రాలినా ఆపేసి మళ్లీ పూయమనేది. ఇనుము, ఇనుము అని వంద సార్లు చెప్పి ఉంటుంది. రాగి మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎందుకు ఎత్తుతుంది? ఆ మూస దగ్గరికి రాగి వచ్చే దారే లేదు.

పోసే ముందు గరిటెడు లోహం తీసి చిన్న గుంటలో పోసేది. అది బొత్తంలా గడ్డకట్టేది. దాన్ని పట్టకారుతో పట్టుకుని షెడ్డు బయటికి తీసుకెళ్లి నీళ్లతొట్టిలో చల్లార్చేది. కరిగిన లోహం దగ్గర నీటిచుక్క ఉండకూడదు కాబట్టి మా తొట్టి బయటే ఉంటుంది. ఆ బొత్తాన్ని పరీక్షకు పంపితే ఆ మూసలో ఏది ఎంత ఉందో కాగితం వచ్చేది. మూడుసార్లూ కాగితాలు సరిగ్గా వచ్చాయి.

రేవుకు వెళ్లింది సోమవారం. బుధవారం మధ్యాహ్నం ఆమె ఫౌండ్రీకి వచ్చింది. చేతిలో రెండు కాగితాలు. ఆ రెండు రోజుల్లో కళ్ల కింద నల్లబడింది. యతిరాజులు కూడా అద్దాల గదిలోంచి లేచి వచ్చి నిలబడ్డాడు. నేను చిట్టెం గరిటెకు సుద్ద పూస్తున్నాను.

రెండు గీతల పలకను కోసి పరీక్ష చేయించానని చెప్పింది. అందులో నూటికి అర పాలు రాగి ఉందట. అదే మూస బొత్తంలో రాగి లేనట్టే లెక్క. ఈ లోహంలో రాగి ఉంటే ఉప్పునీళ్లలో నిలవదు, గుంటలు పడతాయి, పడవలకు పనికిరాదు అని నాకు అర్థమయ్యేలా చెప్పింది. బొత్తం ఒకటి, పలకలు ఒకటి ఎలా అవుతాయి అని ఆమె గైడు కోదండరాం సారు అడిగాడట. పలకలు మార్చావా, లేక తూకంలో ఏదో కలిపి దాస్తున్నావా అన్నాడట. ఒక మూస కాగితం నమ్మలేనప్పుడు మిగతా రెండింటినీ ఎలా నమ్మేది అన్నాడట. వచ్చే సోమవారానికి రాతపూర్వకంగా జవాబివ్వాలి. లేకపోతే మూడు పోతలూ కొట్టేసి, ఆ పనే ఆపేయడం.

రాగి అన్న మాట దగ్గరే నా చేతిలో బ్రష్షు ఆగింది. తర్వాతవి చెవికి వినపడ్డాయి గాని మనసు వాటి వెంట పోలేదు.

"పెదనాయనా, ఆ రోజు పొయ్యేటప్పుడు వేరే ఏమన్నా పడిందా? బాగా గెవనం తెచ్చుకొని చెప్పు."

నేను నోరు తెరిచేలోపు యతిరాజులు అందుకున్నాడు. "ఏమ్మా, మావోడు ముప్పై ఏండ్లుగా పోస్తా ఉండాడు. ఒక్క బొక్క పడలా. ముందు మీ కాలేజి తక్కెట చూసుకోండి."

"నేను పెదనాయన్ని అడగతా ఉండాను సార్."

ఇద్దరూ నావైపు చూశారు. ఫర్నేసు చప్పుడు చేస్తోంది.

"లేదు," అన్నాను.

ఆమె వెంటనే నమ్మింది. మరోసారి అడగలేదు. కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది. అయితే తప్పు నా దగ్గరే ఎక్కడో ఉండాది, నేనే పలకలు మార్చేసుంటాను అని తనలో తాను అనుకున్నట్టుగా చెప్పి వెళ్లిపోయింది. గేటు దాటేటప్పుడు వాచ్‌మన్ పలకరిస్తే తల కూడా ఎత్తలేదు.

మాది కంచరి ఇల్లు. నాయన గుడిగంటలు, చెంబులు పోసేవాడు. ఆయుధపూజ అయిన మర్నాడు, విజయదశమికి, ఏడాదిలో మొదటి మూస పెట్టేవాడు. అది కరిగాక ఇంట్లో ఉన్న పాత రాగిబిందెలోంచి చింతగింజంత ముక్క కత్తిరించి అందులో వేసేవాడు. పాత లోహం తగిలితే కొత్త లోహానికి దారి తెలుస్తుందని చెప్పేవాడు. వేసేటప్పుడు మాట్లాడకూడదు, వేశాక ఎవరికీ చెప్పకూడదు. గంటల్లో ఎలాగూ రాగే కాబట్టి ఒక ముక్క ఎక్కువైనా ఏమీ కాదు. నాయన పోయాక ఆ బిందె నాకు వచ్చింది. అంబత్తూరులో అల్యూమినియం పనికి కుదిరినా నేను ఆ పని మానలేదు. ముప్పై ఒక్క విజయదశములు. మా దగ్గర కరిగేది మోటారు తుక్కు. అందులో అసలే నానా లోహాలూ ఉంటాయి. ఎవరికీ తెలియలేదు, దేనికీ కీడు జరగలేదు.

పోయిన ఏడు విజయదశమికి పెట్టిన మొదటి మూస కార్తీక రెండో పోతది అయింది. ఆమే కావాలని ఆ రోజు పెట్టుకుంది, మంచిరోజని. నాకు సంతోషమైంది. ఆ పిల్ల పని బాగా సాగాలని ఎప్పటికన్నా పెద్ద ముక్క కత్తిరించాను. మడిచి సుత్తితో కొట్టి గచ్చకాయంత చేశాను. ఆమె బొత్తం పట్టుకుని తొట్టి దగ్గరికి పోయినప్పుడు మూసలో వేసి, కళ్లు మూసుకుని, కరిగిపోయేదాకా కడ్డీతో కలియబెట్టాను. కడ్డీకి సుద్ద ఉందో లేదో కూడా ఒకటికి రెండుసార్లు చూసుకున్నాను.

ఇదంతా బుధవారం చెప్పి ఉండొచ్చు. యతిరాజులు ఉన్నాడని చెప్పలేదా? ఉన్నాడు, నిజమే. నా చేత్తో ఫౌండ్రీకి చెడ్డపేరు వస్తే ఆయన నన్ను ఫర్నేసు దగ్గర ఉంచడు. కాని ఆయన లేకపోయినా నా నోటి వెంట అదే మాట వచ్చేదేమో. చెప్పాలంటే నాయన సంగతి చెప్పాలి. ఆయన నేర్పిన మంచే ఆ పిల్లకు చెరుపు చేసిందని చెప్పాలి.

గురువారం, శుక్రవారం పనికి వెళ్లాను. కరిగిన అల్యూమినియం అద్దంలా ఉంటుంది. గరిటె తిప్పితే పైపొర ముడతలు పడి మళ్లీ సాపవుతుంది. ముప్పై ఏళ్లుగా చూస్తున్నదే. ఆ రెండు రోజులూ దానివంక చూడాలంటే ఏదోలా ఉంది. జేబులో పలకను తీసి చూశాను. గుంటలు చిన్నవే. కాని వేలు పెట్టి రాస్తే లోపల ఇంకా పొడి రాలుతూనే ఉంది. నీళ్లలోంచి తీశాక కూడా అది ఆగలేదు. శనివారం యతిరాజులు పిలిచి, ఆ పిల్ల మళ్లీ వచ్చి ఏమన్నా రాసివ్వమంటే సంతకం చెయ్యబాకు అని చెప్పాడు. సరేనని తల ఊపాను.

ఆదివారం పొద్దున రాగిబిందెను తువ్వాలులో చుట్టుకుని తొండియార్‌పేటకు బస్సెక్కాను. అడ్రసు ఆమె ఎప్పుడో రాసి ఇచ్చింది. సందులో రెండో మేడ. తలుపు తీసింది వాళ్ల నాయనమ్మ తాయారమ్మ. నా చేతిలో బిందె చూసి, మాట్లేయాల్సిన చిల్లి పాత్రలేం లేవే అంది. నాగలింగం, అంబత్తూరు ఫౌండ్రీ అని చెప్పుకున్నాను. ఓ, కార్తీక చెప్పే పెదనాయనా అని లోపలికి రమ్మంది.

కార్తీక ముందు గదిలో నేలమీద కూర్చుని ఉంది. చుట్టూ తూకం కాగితాలు, పుస్తకాలు. బల్ల మీద టైపు చేసిన ఉత్తరం ఒకటి. ఏమిటని అడిగితే సారుకు జవాబని చెప్పింది. పలకల మీద గీతలు గీసేటప్పుడు వేరే లోహం పలకలు కలిసిపోయాయని, అది తన అజాగ్రత్తేనని రాశానంది. నిజంగా అలా జరిగిందా అని అడిగాను. వేరే దారేం ఉండాది, ఇంకేదీ తేలడంలేదు గదా అంది.

తువ్వాలు విప్పి బిందెను ఆమె ముందు పెట్టాను. మూతి దగ్గర నుంచి ఒకపక్కంతా కొరికినట్టు ఉంటుంది. పాత కోతలన్నీ నల్లబడ్డాయి. ఒక్క చివరి కోత మాత్రమే ఇంకా ఎర్రగా ఉంది, పెద్దగా ఉంది.

జరిగింది జరిగినట్టు చెప్పాను. నా జీవితంలో అంతసేపు వరసగా మాట్లాడిన రోజు ఇంకొకటి లేదు.  నేను ఆపాక ఆమె లేచి, సంచిలోంచి కొలతల పనిముట్టు తీసింది. ఎర్రకోత అంచు పొడవు, వెడల్పు కొలిచింది. బిందె మందం మూడుచోట్ల కొలిచింది. నాలుగు సెంటీమీటర్లు, నాలుగున్నరకు తక్కువ, మందం రెండు మిల్లీమీటర్లు. పాత తూకం కాగితం వెనక పెన్సిల్‌తో లెక్క వేసింది. ముప్పై గ్రాములు వచ్చింది. ఆరు కిలోల్లో ముప్పై గ్రాములంటే నూటికి అర పాలు. పరీక్ష కాగితం తీసి పక్కన పెట్టి చూసింది. సున్నా పాయింట్ నాలుగు తొమ్మిది. పెన్సిల్ కింద పెట్టింది.

ఎర్రకోత అంచును వేలితో తడిమింది. తర్వాత, ఎప్పటిలా చింతగింజంతే వేసి ఉంటే ఏమయ్యేది అని అడిగాను. లెక్క వేయకుండానే చెప్పింది, బహుశా తెలిసుండేది కాదని.

"నేను మిమ్మల్ని అడిగినాను," అంది. పెదనాయనా అని పిలవడం మొదలుపెట్టాక నన్ను మీరు అన్న పిల్ల కాదు. "యతిరాజులు సారు ముందర అడిగినాను. లేదన్నారు."

"అన్నాను."

"రాగి ఏసినందుకు నాకేం కోపం లేదు. తెలీకుండా ఏసినారు, నా మంచికే ఏసినారు. బుధవారం నించి నేను నా చేతుల్నే నమ్మడంలా. రాత్రంతా కూర్చొని రెండేండ్ల తూకాలు తిరగేసినాను. నా కన్ను ఎక్కడ తప్పిందా అని. మీరొక్క మాట అనుంటే..."

నేను తువ్వాలును మడిచి ఒళ్లో పెట్టుకున్నాను.

ఆమె టైపు చేసిన ఉత్తరాన్ని చించలేదు. పుస్తకం కింద పెట్టింది. తెల్లకాగితం తీసుకుని చేత్తో రాయడం మొదలుపెట్టింది. రాస్తూ మధ్యమధ్య అడిగింది: లోహం వేడి ఎంత ఉంది, ఎంతసేపు కలిపారు, ముక్క వేసింది బొత్తం తీశాకేనా అని. తీశాకే అన్నాను. అది ఎందుకు అన్నిసార్లు అడిగిందో తర్వాత అర్థమైంది. బొత్తం అబద్ధం చెప్పలేదు, పలకా అబద్ధం చెప్పలేదు, మధ్యలో నేనున్నాను. అంతా రాసి నాకు ఇంగ్లీషులోంచి తెలుగులోకి చదివి చెప్పింది. రెండో పోతను లెక్కలోంచి తీసేయాలని, ఒకటి, మూడు మాత్రమే నిలుస్తాయని, నాలుగోసారి పోసి మళ్లీ ఆరు నెలలు సముద్రంలో ఉంచాలని చివర రాసింది. రేపు కోదండరాం సారు ముందుకు నేను కూడా వచ్చి ఇదంతా నోటితో చెప్పాలి. బిందెను కూడా తీసుకురావాలి అంది.

"ఇది యతిరాజులు సారు దాకా పోతుంది," అంది.

"పోనీ."

"మిమ్మల్ని కొలిమికాడ ఉండనియ్యడు."

దానికి నేను తల ఊపాను. తెలుగులో సంతకం పెట్టాను. పల్లెబడిలో నేర్చిన అక్షరాలే.

ఆమె కాగితం ఆరనిచ్చి కవరులో పెట్టింది. "నాలుగోసారి మీ కాడ పొయ్యలేను పెదనాయనా. వేరే ఫౌండ్రీ చూసుకోవాల." గొంతు మెత్తగానే ఉంది. అందుకే ఎక్కువ తగిలింది. కడ్డీకి సుద్ద సరిగా పూయించుకో అని మాత్రం చెప్పాను. ఇద్దరు ముగ్గురు పోతగాళ్ల పేర్లు నోటికి వచ్చాయి. వాళ్లలో ఎవరు ఏ పండక్కి ఏమి చేస్తారో నాకు తెలియదు. అడిగి తెలుసుకో అన్నాను. అడగతాను, ఇంక ప్రతిదీ అడగతాను అంది.

నేను బిందెను తువ్వాలులో చుట్టి లేవబోయాను. తాయారమ్మ వంటగది గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో, ఎంత విందో తెలియదు. "పొద్దు నడినెత్తికొచ్చింది. కూసోండి," అని మూడు కంచాలు పెట్టింది.

వద్దనడానికి నాకు మొహం లేదు. చేతులు కడుక్కుని కూర్చున్నాను. కార్తీక కాగితాలు ఒకపక్కకు నెట్టి, చోటు చేసి, నాకు ఎదురుగా కూర్చుంది. తాయారమ్మ అన్నం పెట్టి, వంకాయ పులుసు పోసి, వేయించిన వడియాలు గిన్నెలో మధ్యన ఉంచి, తన కంచం తెచ్చుకుని పక్కన కూర్చుంది. కార్తీక పులుసు కలిపి, చాలాసేపు తినకుండా, వేళ్లతో అన్నాన్ని అటూ ఇటూ జరిపింది. తర్వాత తినడం మొదలుపెట్టింది. నా కంచంలో అన్నం అయిపోతే తాయారమ్మ అడగకుండానే మళ్లీ పెట్టింది. వడియాల గిన్నె దూరంగా ఉంటే కార్తీక తల ఎత్తకుండా దాన్ని కొంచెం నావైపుకు జరిపింది. నేను ఒకటి తీసుకున్నాను. కింద సందులో ఆటో ఒకటి ఆగి, మళ్లీ పోయింది. మజ్జిగ దాకా ముగ్గురం తిన్నాం.